బస్సుకు ముందురోజు

మా ఉదయగిరి వైపు ఆడవాళ్లు దూరప్రయాణానికి సిద్ధం కావడం ముందురోజు మధ్యాహ్నమే మొదలవుతుంది. బట్టలు సర్దుకోవడం, పులిహోర కలుపుకోవడం తర్వాతి సంగతి. ముందు నీళ్లు మానేస్తారు. మధ్యాహ్నం అన్నంలోకి మజ్జిగ వద్దంటారు. సాయంత్రం టీ సగం గ్లాసే పోయమంటారు. రాత్రికి పప్పన్నం గట్టిగా కలుపుకుని నాలుగు ముద్దలు తిని, గొంతు తడవడానికి ఒక గుక్క తాగుతారు. పొద్దున లేచాక ఆ గుక్క కూడా ఉండదు. ఇది ఒకరు ఒకరికి చెప్పేది కాదు. చీర కుచ్చిళ్లు సర్దుకోవడం ఎట్లా వస్తుందో ఇదీ అట్లాగే వచ్చేస్తుంది.

నాకు మాత్రం పెళ్లయి వచ్చాక మా అత్త నేర్పింది. మద్రాసుకు అద్దాలు మూసిన ఏసీ బస్సు కొత్తగా వేసిన రోజుల్లో, ఏదో పెళ్లికి ఇద్దరం బయలుదేరాలి. ముందురోజు సాయంత్రం నేను పాఠాలు చెప్పి బడి నుంచి వచ్చి, దాహమై చెంబెడు నీళ్లు ఎత్తుకున్నాను. ఆమె వచ్చి చెంబు నా చేతిలోంచి తీసుకుని గట్టు మీద పెట్టింది. కోపమేమీ లేదు. పొయ్యి మీద పాలు పొంగుతాయేమో చూసిపోయినట్టు చూసి పోయింది. నాకు అర్థమైపోయింది.

ఇది చదివే మగవాళ్లకు ఇదేం గోల అనిపించవచ్చు. మీకేం నాయనా. డ్రైవరు టైరు చూసుకోవడానికి ఆపినా, టోల్ గేటు దగ్గర ఆగినా, దిగి నాలుగడుగులు వేసి అటు తిరిగితే దేశమంతా మీదే. మేము దిగితే బస్సంతా చూస్తుంది. అసలు దిగనివ్వరు. అందుకే మేము మా ఒంటినే మూసేసుకుని ఎక్కుతాం.

ముందు కాలం బస్సులు గొప్పగా ఉండేవని నేను చెప్పను. ఎర్ర బస్సులో సీటు రేకు గుచ్చుకునేది, దుమ్ముకు జుట్టు అట్టకట్టేది, దుత్తలూరు వచ్చేసరికి నడుము విరిగేది. కానీ దానికి కిటికీలు ఉండేవి. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తే సీటు మనది. తువ్వాలు లేనివాళ్లు సంచి వేసేవాళ్లు, సంచి లేనివాళ్లు పిల్లోడినే కిటికీలోంచి లోపలికి దించేవాళ్లు. తువ్వాలు ముందా, పిల్లోడు ముందా అని కొట్లాటలు అయ్యేవి. కొట్లాడుకున్నవాళ్లే కావలి చేరేలోపు ఒకరి వక్కాకు సంచిలో ఒకరు చెయ్యి పెట్టేవాళ్లు.

ఆ బస్సు ఆపితే ఆగేది కూడా. ఎవరో ఒక పెద్దావిడ లేచి, కండక్టరయ్యా, కాస్త ఆపించు అనేది. ఎందుకని అడగడు, విజిలు వేసేవాడు. ఆడవాళ్లంతా ఒక పక్క దిగేవాళ్లు. చెట్టో పుట్టో ఉంటే సరే, లేకపోతే ఇద్దరు దుప్పటి పట్టుకుని నిలబడేవాళ్లు, తర్వాత వాళ్ల వంతుకు ఇంకో ఇద్దరు పట్టుకునేవాళ్లు. మగవాళ్లు రోడ్డుకు ఆ పక్కన నిలబడి బీడీలు కాల్చుకుంటూ కొండల వైపు చూసేవాళ్లు. సిగ్గు ఉండేది. భయం ఉండేది కాదు. ప్రయాణమప్పుడు నీళ్లు తాగకూడదని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు.

మా అత్తింటివాళ్లది గొర్రెల కుటుంబం. కొండకింద కాస్త మెట్ట పొలం ఉంది, మందలో జీవాలు ఉన్నాయి. మా అత్త బతుకంతా మంద వెనక నడిచింది. దాహమైతే వాగులో చెలమ తీసి దోసిలితో తాగడం, అలసిపోతే బండ నీడన కూర్చోవడం, ఏ చెట్టు చాటుకు పోవాలన్నా పోవడం. ఆమె జీవితంలో తలుపు వేసి ఉన్న చోటు తక్కువ. ఇంట్లో కూడా అరుగు మీదే పడుకుంటుంది. లోపల పడుకోమంటే, ఊపిరాడదు అంటుంది.

ఆమెకు కిడ్నీలో రాళ్లు పడడం మొదలై చాలా ఏళ్లయింది. మా మెట్ట ఊళ్లలో బోరు నీళ్లు తాగి తాగి, రాళ్లు పడని ఇల్లు అరుదు. ఒకటి పోతే ఇంకొకటి. పోతూ పోతూ కిడ్నీలను నలిపేశాయి. నెల్లూరులో చూసిన డాక్టరు మద్రాసుకు పోయి పెద్ద డాక్టరుకు చూపించుకోమన్నాడు. ఆ పెద్ద డాక్టరు మొదటి రోజే చెప్పిన మాట ఒకటే. మందులకంటే ముందు నీళ్లు తాగాలి, ఒళ్లు ఎండిపోకూడదు అని. ఆమె తలూపింది. ఇంటికి వచ్చి నిజంగానే తాగింది. పడుకునే అరుగు మీద చెంబు, మంద దగ్గరికి పోయేటప్పుడు సీసా. ఆ విషయంలో ఆమెను వేలెత్తి చూపడానికి ఎవరికీ అవకాశం లేదు.

అయినా మద్రాసుకు పోయిన ప్రతిసారీ రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగేది. కిడ్నీ ఎంత దెబ్బతింటే ఆ అంకె అంత పెరుగుతుందని మాకు అప్పటికి తెలిసిపోయింది. మందులు మార్చారు, ఉప్పు తగ్గించారు, పప్పు తగ్గించారు. అంకె మాత్రం పెరుగుతూనే పోయింది. పోయినసారి డాక్టరు కాగితం పక్కన పెట్టి, ఈసారి వచ్చినప్పుడు కూడా ఇట్లాగే ఉంటే డయాలసిస్ తప్పదు, చేతికి చిన్న ఆపరేషను చేసి, మిషనుకు రక్తం పోయివచ్చే దారి పెట్టుకోవాలి అన్నాడు. నెల్లూరులోనే చేయించుకోవచ్చు, వారానికి మూడుసార్లు పోతే చాలు అని ధైర్యం కూడా చెప్పాడు.

ఆ చివరి మాట ఆయన ధైర్యానికే చెప్పాడు. మా అత్త దాన్ని ఇంకోలా విన్నది. ఇంటికి వచ్చిన రాత్రి అన్నం తినకుండా అరుగు మీద కూర్చుంది. మావారు పక్కన కూర్చుని, మిషను అంటే భయపడాల్సిందేమీ లేదని, ఊళ్లో ఇంకొకాయన కూడా చేయించుకుంటున్నాడని చెప్తున్నాడు. ఆమె నా వైపు తిరిగి అన్నది.

"నాకు మిషనంటే భయం లేదు మే. వారానికి మూడు తూర్లు ఆ బస్సంటేనే. నన్ను మందకాడ్నే ఉండనీండి, ఉండేన్నాళ్లు ఉంటా."

అంటే డయాలసిస్ రాస్తే ఆమె పోదు. ఆమె సంగతి నాకు తెలుసు. పోను అంటే పోదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరి ప్రాణాలూ ఆ వచ్చే పరీక్ష మీదే ఉన్నాయి.

నేను ఆత్మకూరులో టీచర్ని. రోజూ ఉదయగిరి నుంచి బస్సులో పోయి వస్తాను. మధ్యలో ఒకసారి ఆమెను ఆత్మకూరు తీసుకుపోయి, బడి దగ్గరున్న చిన్న ల్యాబులో రక్తం ఇప్పించాను. అక్కడ అంకె తక్కువ వచ్చింది. మద్రాసు అంకెతో పోలిస్తే బాగా తక్కువ. నేను సంతోషపడబోతే మావారు నవ్వాడు. ఆత్మకూరు ల్యాబుకు, మద్రాసు ల్యాబుకు పోలికేంది అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఆ కాగితాన్ని మాత్రం పారేయకుండా ఫైల్లో పెట్టుకున్నాను.

ప్రయాణం దగ్గర పడింది. టికెట్టు ఫోన్లో తీశాను. ఆ ఫోను చాలా మర్యాదగా అన్నీ అడిగింది. కిటికీ పక్క సీటు కావాలా, దుప్పటి కావాలా, సినిమా కావాలా, ఫోనుకు చార్జింగు కావాలా. ఆడవాళ్ల సీటుకు గులాబీ రంగు కూడా వేసి చూపించింది. మనిషికి కావాల్సింది ఒక్కటే అడగలేదు. దిగాక ఎన్ని నక్షత్రాలు ఇస్తారో చెప్పమంది. ఈ నక్షత్రాలు ఇచ్చేవాళ్లు నీళ్లు తాగి ఇస్తున్నారా, తాగకుండా ఇస్తున్నారా అని కూడా అడిగితే బాగుండేది.

కారు మాట్లాడుకోవచ్చు కదా అంటారు. ఒకసారి మాట్లాడుకోవచ్చు. ఈ జబ్బు ఒకసారితో పోయేది కాదు. రైలు ఉంది కదా అంటారు. రైలెక్కాలంటే నెల్లూరు దాకా బస్సే గతి. అక్కడ రిజర్వేషను దొరకాలి, దొరికినా ప్లాట్‌ఫారం మెట్లు మా అత్త మోకాళ్లు ఎక్కాలి. అన్ని దార్లూ తిరిగి తిరిగి ఆ బస్సు దగ్గరికే వచ్చి ఆగుతాయి.

తెల్లవారుజామున ఎక్కాం. తలుపు మూసుకున్నాక బయటి చప్పుడంతా తెగిపోయింది. డ్రైవరుకు వేరే గది, దానికి ఒక అద్దం తలుపు, ఆ తలుపుకు లోపల గడియ. పూలదండలు వేసిన టీవీలో ఎవరో ఎవర్నో తెగ కొడుతున్నారు. అద్దాన్ని పగలగొట్టే సుత్తి బొమ్మ గోడ మీద ఉంది, సుత్తి లేదు. మా అత్త ఎప్పటిలాగే అద్దం అంచులన్నీ వేళ్లతో తడిమి చూసింది. ఎక్కడైనా జరిగే చోటుందేమో అని ప్రతిసారీ చూస్తుంది. లేదని తెలిసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

దుత్తలూరు దాటింది. ఆత్మకూరు దాటింది. మా బడి గేటు ముందునుంచే పోయాం, గేటు దగ్గర ఆయా ఊడుస్తోంది. కిటికీ తెరుచుకునే బస్సైతే కేక వేసేదాన్ని. సంగం దగ్గర ఎండ బాగా వచ్చింది. బ్యారేజీ నిండుగా ఉంది. పెన్న నీళ్లు ఆ చివర నుంచి ఈ చివర దాకా మెరుస్తున్నాయి, కాలవలు నిండి పారుతున్నాయి, నాట్లు వేసే ఆడవాళ్లు మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నారు. మా అత్త అద్దానికి నుదురు ఆనించి చూస్తోంది. ఆమె పెదాలు తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి. నేను సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, తాగు అత్తా అన్నాను. డాక్టరు మాట గుర్తుచేశాను. ఆమె సీసా వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"నీళ్లు నువ్వు తాపిస్తావు. బస్సు నువ్వు ఆపిస్తావా?"

సీసా మూత బిగించి సంచిలో పెట్టుకున్నాను. నేను మాత్రం తాగానా అంటే, నేనూ తాగలేదు.

నెల్లూరు దాటి పెద్ద రోడ్డెక్కాక బస్సు వేగం అందుకుంది. సూళ్లూరుపేట దాటాక ఎక్కడో ఆగిపోయింది. ముందు ఏదో లారీ తిరగబడిందని, కనుచూపు మేర బండ్లు ఆగిపోయాయని ఫోన్లు చూసినవాళ్లు చెప్పారు. కాసేపటికి ఏసీ ఆపేశారు. ఆగి ఉన్నప్పుడు ఏసీ వేస్తే ఇంజను వేడెక్కుతుందంట. అద్దాలు తెరుచుకోవు. తలుపు డ్రైవరు నొక్కితేనే తెరుచుకుంటుంది. ఎండ అద్దంలోంచి నేరుగా ఒంటి మీద పడుతోంది. ఎవరి చెమట వాసనో, ఎవరి పులిహోర వాసనో, రెండూ కలిసి ముక్కుకు పట్టేశాయి. కొంగుతో ఎంత విసురుకున్నా నాకు ఊపిరాడలేదు. నాకు జబ్బు లేదు, వయసూ మరీ మీద పడలేదు. నేనే ఇట్లా అయిపోతే పక్కనున్న మనిషి ఏమైపోతుందోనని నిజంగా భయపడ్డాను.

లేచిపోయి డ్రైవరు గది అద్దం కొట్టాను. కొంచెం సందు తెరిచాడు. తలుపు తెరవమన్నాను, లేడీస్ దిగాలి అన్నాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, మర్యాదగానే మాట్లాడాడు. పెద్దరోడ్డు మీద తలుపు తెరిస్తే కంపెనీవాళ్లు కెమెరాలో చూస్తారంట, ఎవరన్నా దిగి బండి కింద పడితే తన ఉద్యోగం పోతుందంట, హోటల్ స్టాపు ముందుంది, అక్కడ అన్నీ ఉన్నాయంట. ముందుంది అంటే ఎంత ముందు అన్నాను. ఆయన చేత్తో ముందున్న లారీలను చూపించాడు. నాకు వచ్చిన కోపానికి ఆ సందులో కాలు పెట్టి నిలబడదామనుకున్నాను. వెనక నుంచి ఎవరో, ఒక్కరికోసం అందరం ఆగాలా మేడం అన్నారు. మేము ఆగే ఉన్నాం కదా నాయనా, కదిలేదెక్కడ అన్నాను. ఎవరో నవ్వారు. సందు మూసుకుంది.

తిరిగి వచ్చేసరికి మా అత్త కిటికీలోంచి పక్కకు చూస్తోంది. పక్క వరుసలో గొర్రెల లారీ ఒకటి ఆగి ఉంది. రెండంతస్తుల లారీ, చుట్టూ కర్ర చట్రాలు. చట్రాల సందుల్లోంచి గొర్రెలు మూతులు బయటపెట్టి గాలి పీలుస్తున్నాయి. లారీ మనిషి క్యాను తెచ్చి వాటి మూతుల మీద నీళ్లు చల్లుతున్నాడు. కొన్ని ఆ కర్రలనే నాకుతున్నాయి. అవి ఎక్కడికి పోతున్నాయో ఆమెకు తెలియనిది కాదు. అట్లాంటి లారీలకు ఎన్నోసార్లు తనే జీవాలను ఎక్కించింది.

"వాటికి గాలన్నా ఆడతా ఉండాది మే" అన్నది.

హోటల్ స్టాపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆడవాళ్ల బాత్రూముల ముందు వరుస గుడి వరుసంత ఉంది. ఒక తలుపుకు గడియ లేదు, ఇంకొకదానిలో నీళ్లు లేవు. మేము వరుసలో సగం చేరామో లేదో బస్సు హారను కొట్టింది. మా అత్త వెనక్కి తిరిగింది. నాకేం రావట్లేదులే, పద అన్నది. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు. హారను మళ్లీ కొట్టేసరికి ఆమె చెయ్యి పట్టుకుని పరిగెత్తినట్టే వెళ్లి ఎక్కాం.

ఆసుపత్రికి నేరుగా పోయాం. ఎప్పుడూ అట్లాగే పోతాం. బస్సు దిగి ఆటో ఎక్కి, ల్యాబు మూసేలోపు రక్తం ఇచ్చేస్తే పొద్దున్నే డాక్టరును చూడొచ్చు. రక్తం తీశారు. మూత్రానికి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. మా అత్త లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చి ఖాళీ డబ్బా కొంగు చాటున నాకు ఇచ్చింది. తప్పు చేసినదానిలా తల దించుకుంది. ఆమె తల దించుకోవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ల్యాబు అమ్మాయి, నీళ్లు తాగి కూర్చోండి, కాసేపాగి ఇద్దురు గానీ అన్నది. ఆమెను కూర్చోబెట్టి, నేనూ లోపలికి పోయాను. పొద్దుటి నుంచీ పోలేదు కదా. గడియ ఉంది, నీళ్లు ఉన్నాయి, తరిమేవాళ్లు ఎవరూ లేరు. నాకూ రాలేదు. మంట తప్ప ఏమీ లేదు. ఆ చిన్న గదిలో నిలబడి గోడ పట్టుకున్నాను. జబ్బున్న మనిషికీ రాలేదు, జబ్బు లేని నాకూ రాలేదు. ఇద్దరికీ ఉన్నది ఒకే బస్సు. అప్పుడు నాకు ఆత్మకూరు ల్యాబు కాగితం గుర్తొచ్చింది. ఆత్మకూరుకు ఆమె వచ్చిన రోజు, బస్సు గంటా గంటన్నరలో దిగేస్తాం కదా అని, పొద్దున చెంబెడు తాగి వచ్చింది.

పొద్దున డాక్టరు కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. అంకె ఎప్పటికంటే ఎక్కువ ఉంది. ఇక ఆలస్యం చేయొద్దు, చేతికి ఆపరేషను తేదీ రాస్తాను అని కలం తీశాడు. మా అత్త తన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని కూర్చుంది. ఆయన అలవాటుగా, నీళ్లు బాగా తాగుతున్నారా అని అడిగాడు. ఆమె, తాగతా ఉండానయ్యా, ఇంటికాడ చెంబు దించేదే లేదు అన్నది. అందులో అబద్ధం లేదు. ప్రతిసారీ ఆ ప్రశ్న, ఈ జవాబు, రెండూ నిజాయితీగానే జరిగాయి. మధ్యలో ఉన్న బస్సు సంగతి ఆయన అడగలేదు, మేము చెప్పలేదు. అది కూడా చెప్పుకునే విషయమని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

నేను చెప్పాను. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏం చేస్తామో మొత్తం చెప్పాను. ఎప్పుడు వచ్చినా అట్లాగే వచ్చామని, దిగిన వెంటనే రక్తం ఇస్తున్నామని చెప్పాను. ఆత్మకూరు కాగితం తీసి బల్ల మీద పెట్టాను. నా గొంతు పెద్దదైపోయిందని నాకే తెలుస్తోంది. ఆయన ఎదురుగా ఉన్న మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఎందుకు మానేస్తారు అని అడిగాడు. అంత చదువుకున్న మనిషి, నిజంగానే తెలియక అడిగాడు. బస్సు ఆగదు కాబట్టి అన్నాను. ఆయన కలం మూత పెట్టేశాడు.

రెండు రోజులు అక్కడే ఉండి, నీళ్లు తాగి, మళ్లీ రక్తం ఇవ్వమన్నాడు. ఆసుపత్రి వెనక సందులో లాడ్జిలో గది తీసుకున్నాం. గదిలోనే బాత్రూము. మా అత్త మంచం మీద కూర్చుని గంట గంటకూ గ్లాసు ఎత్తేది, ఎత్తినప్పుడల్లా బాత్రూము తలుపు ఉందో లేదో చూసుకునేది. రెండో పరీక్షలో అంకె దిగింది. ఆత్మకూరు ల్యాబు చెప్పిన చోటుకే, ఇంచుమించుగా దిగింది. డాక్టరు ఆపరేషను మాట వదిలేశాడు. డయాలసిస్ ఇప్పుడు అవసరం లేదన్నాడు. ఆమె నా చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

అంతటితో లేచి వచ్చేస్తే బాగుండేది. ఆయన ఇంకొకటి చెప్పాడు. ఒళ్లు ఇట్లా ఎండిపోయిన ప్రతిసారీ కిడ్నీ కొంత కొంత పోతుంది, నీళ్లు తాగితే అంకె దిగుతుంది గానీ పోయినదంతా తిరిగి రాదు అన్నాడు. మొదట్లో వచ్చినప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది కదా, అందులో జబ్బు ఎంతో, ప్రయాణం ఎంతో చెప్పలేను అన్నాడు. తర్వాత, మూడు నెలలకోసారి తప్పకుండా వచ్చి చూపించుకోమన్నాడు. ఫోన్లో చూపిస్తే కాదా అన్నాను. స్కానింగు చేయాలి, చేత్తో చూడాలి, రావాల్సిందే అన్నాడు. కాపాడుకోవడానికే ఇన్నేళ్లు తిరిగాం. ఆ తిరుగుడే ఆమెను కొంచెం కొంచెంగా తినేసింది. ఈ మాట నేను ఆమెకు విడమరిచి చెప్పలేదు. ఆమె విన్నది, అర్థం చేసుకున్నది, బయటికి వచ్చాక ఊరికే కొంగు సర్దుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆమె తాగింది, నేనే తాగించాను. నాయుడుపేట దగ్గరే ఆమెకు అవసరమైంది. బస్సు ఆగలేదు. నెల్లూరు దాకా ఆమె పళ్లు బిగించుకుని, నా భుజం మీద గోళ్లు గుచ్చుతూ వచ్చింది. నెల్లూరులో దిగి, ఇంక ఆ బస్సు ఎక్కను పో అన్నది. టికెట్టు ఉదయగిరి దాకా ఉంది. ఉంటే ఉండనీ అనుకుని, మామూలు బస్సులు పట్టుకుని ముక్కలు ముక్కలుగా వచ్చాం. సంగంలో దిగాం, ఆత్మకూరులో దిగాం. దిగిన చోటల్లా ఆమె బాత్రూముకు పోయి, వచ్చి, నీళ్లు తాగింది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేశాక ఆ బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఆత్మకూరు దాకా నిలబడే వచ్చింది, మోకాళ్లు వాచిపోయాయి. ఆత్మకూరు నుంచి కిటికీ పక్కన సీటు దొరికింది. చెయ్యి బయటపెట్టి, ఇల్లు చేరేదాకా లోపలికి తీయలేదు.

ఇప్పుడు రాబోయే బస్సుల గురించి ఫోన్లో వీడియోలు చూస్తుంటాను. కరెంటుతో నడిచేవంట, పొగ రాదంట, చప్పుడు రాదంట, పడుకుంటే ఒంటికి కుదుపు తెలియదంట, ఎవరి టీవీ వాళ్లకంట. కొన్నింటిలో వెనక చిన్న బాత్రూము కూడా ఉంటుందంట. అవి మా మెట్టకు వస్తాయో రావో నాకు తెలియదు. మా వైపుకు ఎప్పుడూ పట్నంలో తిరిగి తిరిగి రంగు పోయిన బస్సే వస్తుంది. బాత్రూము ఉన్న బస్సు వచ్చినా, దానికి తాళం వేసి అందులో పార్సిళ్లు పెడతారని మా స్టాఫ్‌రూములో ఒకావిడ అన్నది. అందరం నవ్వాం. ఆ రోజు నవ్విన వాళ్లలో ఒక్కరి టేబులు మీద కూడా నీళ్ల సీసా ఖాళీ కాలేదు. అందరం సాయంత్రం బస్సు ఎక్కాల్సినవాళ్లమే.

రేపు మళ్లీ మద్రాసు. మావారు ఈసారి మంచి ఉపాయం ఆలోచించాడు. ఒకరోజు ముందే చేరుకుని, లాడ్జిలో ఉండి, బాగా నీళ్లు తాగి, తర్వాత రక్తం ఇస్తే రిపోర్టు బాగా వస్తుంది కదా అన్నాడు. వస్తుంది. రిపోర్టు బాగా వస్తుంది. నేను సరే అన్నాను, సెలవు పెట్టాను, టికెట్లు తీశాను. బస్సు ఆఫీసుకు ఫోను చేసి, జబ్బు మనిషి ఉంది, మధ్యలో రెండు చోట్ల ఆపండి అని అడిగాను. హోటల్ స్టాపు ఉంది కదా మేడం అన్నారు.

ఇప్పుడే, పొద్దు వాలుతుండగా, గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని అరుగు మీదికి పోయాను. ఆమె మందను దొడ్లోకి తోలి వచ్చి కూర్చుని ఉంది. తాగు అత్తా అన్నాను. డాక్టరు చెప్పిందంతా మళ్లీ చెప్పాను, ఈసారి నేను తలుపు కొట్టి ఆపిస్తాను అని కూడా అన్నాను. ఆమె గ్లాసు అందుకోలేదు. నా మొహం వైపు, ఎండిన నా పెదాల వైపు చూసింది.

"నువ్వు తాగినావా మే?"

మధ్యాహ్నం నుంచి నేను తాగలేదు. తాగకూడదని అనుకోనైనా లేదు. మజ్జిగ వద్దన్నాను, టీ సగమే పోసుకున్నాను, చెయ్యి దానంతటదే చేసుకుపోయింది. ఆమె జరిగి నాకు చోటిచ్చింది. గ్లాసు ఇద్దరి మధ్యా గట్టు మీద పెట్టుకుని, రేపు ఏ చోట ఆపిస్తాం, ఎట్లా ఆపిస్తాం అని కాసేపు మాట్లాడుకున్నాం. తర్వాత చెరి సగం తాగి, గ్లాసు బోర్లించాం.